రెండు గుర్రాలు పట్టే బండి

వకుళకు భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు.

తాగడు, పేకాడడు, కూర మాడితే విసుక్కోడు. ఇవన్నీ చేసే మొగుళ్ళతో చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తున్నారు, అప్పుడప్పుడూ దెబ్బలాడి గెలుస్తున్నారు కూడా. వకుళకు ఆ భాగ్యం లేదు. త్రివిక్రమరావు తప్పు చేయడు గానీ, ఆయన ఉన్న చోటికి ఇతరుల తప్పులు వచ్చి చేరుతుంటాయి. గొళ్ళెం పెట్టకుండా వచ్చేస్తే అది తలుపు లోపం. రైలు తప్పిపోతే రైలుదే అపరాధం, ఎప్పుడూ లేనిది ఆ పూట వేళకు వచ్చింది. "నిజానికి అక్కడ జరిగిందేమిటంటే..." అని ఆయన గొంతు సవరించుకున్నాడంటే, తర్వాతి వాక్యంలో ఆయన తప్ప ఊరంతా ఉంటుంది.

దీనికి సాక్ష్యం వాళ్ళ ముందుగదిలో గోడకు వేలాడుతోంది. అది పెళ్ళి ఫొటో. వాళ్ళది కాదు. అసలు ఎవరిదో కూడా తెలియదు.

ఆఫీసులో దొరస్వామి గారబ్బాయి పెళ్ళికని ఒకసారి ఇద్దరూ కల్యాణమండపానికి వెళ్ళారు. మేడ మీద ఒక పెళ్ళి, కింద ఒక పెళ్ళి. త్రివిక్రమరావు మెట్ల వైపు చూడనైనా చూడకుండా కిందికే నడిచాడు.

"ఏవండీ, తెలిసిన మొహం ఒక్కటీ కనబడటం లేదేమిటి?" అంది వకుళ.

"అంతా ఆడపెళ్ళివారు."

"పెళ్ళికొడుకు పొట్టిగా ఉన్నాడండీ. దొరస్వామి గారబ్బాయి గుమ్మానికి తల తగిలే మనిషి కదా?"

"పీటల మీద కూర్చుంటే ఎవరైనా పొట్టిగానే ఉంటారు. అక్షింతలు వెయ్యి."

అక్షింతలు వేశారు. వెండి కుంకుమభరిణె చదివించారు. భోంచేసి, వధూవరుల పక్కన నిలబడి ఫొటో దిగారు. త్రివిక్రమరావు ఫొటోగ్రాఫరు వెంటపడి కాపీ తెప్పించి మరీ పటం కట్టించాడు. అందులో పెళ్ళికొడుకు వీళ్ళ వైపు కాస్త అనుమానంగా చూస్తుంటాడు. ఆ తర్వాత దొరస్వామి గారు మాట్లాడటం మానేశారు. అది దొరస్వామి గారి అహంకారం.

ఇలాంటి మనిషికి ఉద్యోగం సాగరతీర వైభవ మండలిలో. ఊళ్ళో సముద్రం ముందునుంచీ ఉంది. దానికి వైభవం చాలడం లేదని ఎవరికో తోచి ఈ మండలి పెట్టారు. త్రివిక్రమరావు అందులో సూపరింటెండెంటు. పైన డైరెక్టర్ భుజంగభూషణం గారు.

భుజంగభూషణం గారు ఒకరోజు ఫోనులో ఏదో విదేశీ సముద్రతీరం చూశారు. అక్కడ ఇసుకలో పోలీసులు గుర్రాల మీద తిరుగుతున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అశ్వదళం లేని తీరమొక తీరమేనా?" అన్నారు సిబ్బందితో. సిబ్బంది ముక్తకంఠంతో కాదన్నారు. సరిగ్గా అప్పుడే ఒక రొయ్యల వ్యాపారి, కొడుకు ఊరేగింపుకని కొన్న రెండు గుర్రాలు పెళ్ళయిపోయాక కూడా తింటూనే ఉన్నాయని గమనించి, వాటిని మండలికి విరాళమిచ్చి పేపర్లో ఫొటో వేయించుకున్నాడు.

గుర్రాలను పశువుల ఆసుపత్రి షెడ్డులో కట్టేశారు. రికార్డుల్లో వాటి పేర్లు చరాస్తి ఒకటి, చరాస్తి రెండు. రోజూ మధ్యాహ్నం మొగుడికి క్యారియరు తీసుకువెళుతూ వకుళ వాటిని చూసేది. పసుప్పచ్చగా ఉన్నదానికి పులిహోర అనీ, తెల్లదానికి దద్దోజనం అనీ పేర్లు పెట్టుకుంది. క్యారట్టు ముక్క చూపిస్తే రెండూ ఆ పేర్లకు పలికేవి.

పశువుల ఆసుపత్రికి ఎదురుగానే బీచి. మధ్యలో రోడ్డు. ప్రారంభోత్సవ వేదిక ఆ రోడ్డుకు అవతలే. షెడ్డులోంచి గుర్రం తల బయటపెడితే వేదిక మీది కుర్చీలు కనబడతాయి.

"తోలుకొస్తే సరిపోతుంది కదా సార్," అన్నాడు మీటింగులో ఎవరో తెలియక.

భుజంగభూషణం గారు చాలాసేపు ఆ గొంతు వచ్చిన వైపు చూశారు. "చరాస్తి అనగానేమి? చరింపజేయబడు ఆస్తి. తనంతట తాను చరించునది ఆస్తి కాదు, ఆకతాయి. పైగా, ప్రారంభోత్సవానికి పూర్వమే నడిపించినచో సదరు గుర్రములు వాడిన సరుకగును. వాడిన సరుకును ముఖ్య అతిథి చేత ప్రారంభింపజేయుట మర్యాదా?"

త్రివిక్రమరావు ముందుగా తలూపాడు. మిగతావాళ్ళు ఆ ఊపు అందుకున్నారు.

అంచేత వాహనం కావాలి. అదీ చవగ్గా కావాలి. మండలి సొమ్ములో పెద్దపాలు అప్పటికే స్వాగతద్వారానికి అయిపోయింది. ద్వారానికి అటూ ఇటూ సిమెంటు గుర్రాలు. వాటిని మాత్రం లారీలో హాయిగా తెచ్చారు.

వాహన ఎంపిక ఉపసంఘం మొదట ఊళ్ళో ఊరికే వచ్చే బళ్ళన్నీ పరిశీలించింది. చెత్త లారీకి హుందాతనం చాలదని తేలింది. చేపల వ్యాను అడిగితే, "ఐసు వేసే పంపిస్తామండీ, గుర్రాలు తాజాగా వస్తాయి," అని హామీ ఇచ్చారు. బతికి వస్తాయా అన్న ప్రశ్నకు జవాబు రాలేదు. సంచార గ్రంథాలయం బండి తెచ్చి ప్రయత్నిస్తే, దద్దోజనం కిటికీలోంచి తల దూర్చి వయోజనవిద్య వాచకాన్ని 'అమ్మ' దగ్గర మొదలుపెట్టి 'ఈగ' దాకా నమిలేసింది. చివరికి మిగిలింది శ్మశానానికి తీసుకువెళ్ళే స్వర్గపురి వాహనం. పొడవు సరిపోయింది, అద్దె లేదు, డ్రైవరు శాంతస్వభావుడు. కానీ ముఖ్య అతిథి చూస్తుండగా అందులోంచి ఏది దిగినా బాగుండదని ఉపసంఘం పెద్దమనసుతో ఒప్పుకుంది.

ఇక టెండరు పిలవక తప్పలేదు. సమస్యల్లా, మండలిలో అప్పుడు తెలుగు పాలనా పక్షోత్సవం నడుస్తోంది. ఇంగ్లీషు మాట కనబడిన కాగితం చిరిగి వెనక్కి వస్తోంది. పక్షోత్సవంలో తప్పు దొర్లితే పర్మనెంటు వాళ్ళకు మెమో, కాంట్రాక్టు వాళ్ళకు రెన్యువల్ ఉండదని భుజంగభూషణం గారు నోటీసు అంటించారు. మండలి మొత్తానికి కాంట్రాక్టు మనిషి ఒక్కతే, టైపిస్టు మేరీ సుగుణ. ఆ నోటీసు టైపు చేసిందీ ఆవిడే.

మర్నాడు పొద్దున పెసరట్టు ముందు కూర్చుని త్రివిక్రమరావు అడిగాడు. "ఏమోయ్, టూ హార్స్ కెపాసిటీ వెహికల్‌ని తెలుగులో ఏమంటారు?"

"రెండు గుర్రాలు పట్టే బండి," అంది వకుళ, అట్టు తిరగేస్తూ.

ఆయన జాలిగా చూశాడు. "పట్టే! పట్టే ఏమిటి, శేరు పట్టే గిన్నెలాగ? ఇది ప్రభుత్వ ప్రకటన. వంటిల్లు కాదు."

"చదివినవాడికి అర్థమవుతుంది కదండీ."

"అర్థం కావడానికి టెండరెందుకోయ్? దానికో స్థాయి ఉంటుంది." పెసరట్టు తుంచుతూ ఆలోచించాడు. "రెండు అంటే ద్వి. గుర్రం అంటే అశ్వం. కెపాసిటీ అంటే... శక్తి! ద్వ్యశ్వశక్తి వాహనము!"

ఆ మాట పలకడంలో అల్లప్పచ్చడి తుంపర వకుళ చీర మీద పడింది. అది పచ్చడి తప్పు.

వకుళ కాలేజీలో భౌతికశాస్త్రం చదివింది. అశ్వశక్తి అంటే మోటారు బలమని ఆవిడకు తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. గోడ మీది పెళ్ళికొడుకు కనబడ్డాడు. నోరు మూసి, ఇంకో అట్టు వేసింది. ఈసారి తలుపు మీదికీ రైలు మీదికీ తోసేయడానికి వీల్లేని తప్పు. పూర్తిగా పండనిద్దాం అనుకుంది.

మధ్యాహ్నం క్యారియరుతో ఆఫీసుకు వెళితే మేరీ సుగుణ కీబోర్డు ముందు చెమటలు కక్కుతోంది. వకుళ గోంగూరపచ్చడికీ సుగుణ క్రిస్మస్ కేకుకూ మధ్య ఏళ్ళుగా రాకపోకలున్నాయి.

"వకుళమ్మగారూ, ఈ మాట మీ సారు ఎక్కడ పట్టుకొచ్చారండీ? దకు వ ఒత్తు ఇస్తే య రాదు, య ఇస్తే వ పోతుంది. పొద్దుట్నుంచీ కంప్యూటరూ నేనూ కొట్టుకుంటున్నాం."

"వచ్చిందా మరి?"

"ఇదిగో, ఇప్పుడే వచ్చింది. ప్రసవం అయినట్టుందండీ బాబూ."

టెండర్లు తెరిచిన రోజున ఆఫీసు ఆవరణ సంతలా ఉంది. మొట్టమొదట వచ్చినవాడు నిజంగా గుర్రాల లారీ తెచ్చాడు. లోపల పరుపులు, మధ్యలో అడ్డుపలక, ఎక్కడానికి వాలుబల్ల. ఖాళీగా వెనక్కి పోతున్న బండి కాబట్టి డీజిలు పోయిస్తే చాలన్నాడు.

"ఎన్ని అశ్వశక్తి?" అని అడిగాడు త్రివిక్రమరావు, టెండరు కాగితంలోకి చూస్తూ.

"నూరండీ!" అన్నాడు లారీ ఆయన గర్వంగా.

"మేం అడిగింది రెండు."

"రెండేం ఖర్మ సార్, నాలుగు గుర్రాలు నిలబడతాయి."

భుజంగభూషణం గారు అందుకున్నారు. "తొంభై ఎనిమిది అశ్వశక్తి అధికముగా ఉన్నది. ప్రజాధనముతో విలాసములు చేయలేము. మీరు అనర్హులు."

లారీ ఆయన తలగోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అర్హులు వచ్చారు. రిక్షా మీద పొలం మోటారు వచ్చింది. చెరకురసం బండి వచ్చింది. పెళ్ళివంటలవాళ్ళ గ్రైండరు, కింద చక్రాలు బిగించుకుని, గడగడలాడుతూ వచ్చింది.

"శక్తి సరిగ్గా రెండండీ," అన్నాడు గ్రైండరు వాడు. "చక్రాలు నిన్ననే వేయించాను. గుర్రాలు ఎటుపక్క నుంచి వెయ్యాలో మీరే సెలవివ్వాలి. నేనైతే నానబెట్టిన మినప్పప్పే వేస్తాను."

ఉపసంఘం గ్రైండరు చుట్టూ తిరిగి చూసింది. భుజంగభూషణం గారు చెరకురసం తాగి, సాంకేతికంగా ఇదే మెరుగ్గా ఉన్నట్టుందన్నారు, నిమ్మకాయ ఇంకాస్త పిండమన్నారు. క్యారియరు పట్టుకుని నిలబడ్డ వకుళకు నవ్వు ఆగలేదు. నవ్వును కప్పుకోవడానికి ఏదో ఒకటి అనాలి.

"రెండు అశ్వశక్తి అంటే రెండు గుర్రాలు లాగే బండి కదండీ," అంది.

రసం గ్లాసు కింద పెట్టి భుజంగభూషణం గారు లేచి నిలబడ్డారు. "త్రివిక్రమరావు గారూ, గృహిణులలో ఎంతటి పరిపాలనాదక్షత నిక్షిప్తమై ఉన్నదో చూశారా!"

"నేను ఆ ఉద్దేశంతోనే రాశానండీ," అన్నాడు త్రివిక్రమరావు.

అలా రంగంలోకి మస్తాన్‌వలీ వచ్చాడు. పక్క ఊళ్ళో పెళ్ళిళ్ళకూ ఉర్సులకూ బండి కట్టే మనిషి. వెడల్పాటి ఊరేగింపు బండి, దానికి రాణి, రోజా అని రెండు ఆడగుర్రాలు. ఇంజనీరు వచ్చి బండి ముందు నిలబడి, ఒక తల, రెండో తల చూసి, శక్తి సరిపోయిందని సంతకం పెట్టాడు.

"మరి ఈ గుర్రాలు నడిచే వచ్చాయిగా సాబ్?" అన్నాడు మస్తాన్‌వలీ. "వీటిని నడిపిస్తే తప్పులేదు, ఆ రెంటినీ నడిపిస్తే తప్పా?"

"ఇవి గుర్రాలు కావు. ఇంజను," అన్నాడు త్రివిక్రమరావు.

మస్తాన్‌వలీ వకుళ వైపు తిరిగాడు. "అమ్మగారూ, సాబ్‌కి ఒంట్లో బాగుందా?"

"ఆఫీసులో ఇంతేనయ్యా," అంది వకుళ. "ఇంటికొచ్చినా ఇంతే."

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. రాజధాని నుంచి పర్యాటకశాఖ పెద్దమేడమ్ వచ్చి వేదిక మీద కూర్చున్నారు. సన్నాయి మోగుతోంది. ఆడవాళ్ళ కుర్చీల్లో వకుళ. కత్తెర పళ్ళెం పట్టుకుని మేరీ సుగుణ, కొత్త చీరలో. రోడ్డుకు అవతల షెడ్డు ముందు వాలుబల్ల వేసి గుర్రాలను బండెక్కించే కార్యక్రమం త్రివిక్రమరావు పర్యవేక్షణలో సాగుతోంది. అదంతా వేదిక మీదికి చక్కగా కనబడుతోంది.

పులిహోర ఎక్కింది. తోక పట్టుకుని నెడితే దద్దోజనం కూడా ఎక్కింది. మస్తాన్‌వలీ కళ్ళాలు అందుకుని "చల్!" అన్నాడు.

"ఆగు!" అని కేకపెట్టాడు త్రివిక్రమరావు. ఆయన మొహంలో తప్పు పట్టుకున్న వెలుగు. "ముందు రెండు. పైన రెండు. వాహనం మీద మొత్తం నాలుగు అశ్వశక్తి అయింది! టెండరుకు విరుద్ధం."

"అయితే పైవి దించమంటారా?"

"పైవి దించితే రవాణా ఎక్కడిది? ముందువి విప్పు."

మస్తాన్‌వలీ కాసేపు చూసి, రాణినీ రోజానూ విప్పేశాడు. ఇప్పుడు బండిలో సరిగ్గా రెండు అశ్వశక్తి ఉంది. బండి కదల్లేదు.

"ఇప్పుడు లాగేదెవరు సాబ్?"

"అది వాహన యజమాని బాధ్యత."

మస్తాన్‌వలీకి చిర్రెత్తుకొచ్చింది. "ఈ బండీ మీ అశ్వశక్తీ మీరే చూసుకోండి సాబ్. నా పిల్లల్ని సముద్రంలో కడుక్కుని పోతా." రాణి మెడ మీద ఒక చెయ్యి, రోజా మెడ మీద ఒక చెయ్యి వేసి రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్ళిపోయాడు.

బండి మీది పులిహోర, దద్దోజనం అటే చూశాయి. రోజా వెనక్కి తిరిగి ఒక్కసారి సకిలించింది. అంతే. దద్దోజనం వాలుబల్ల మీంచి దిగింది. పులిహోర దాని వెనకే దిగింది. ఎవరి సాయమూ లేకుండా, తొందర లేకుండా, ఒక ఆటోను పోనిచ్చి, రెండూ రోడ్డు దాటి స్వాగతద్వారం కిందుగా నడుచుకుంటూ వేదిక ముందుకు వచ్చేశాయి. జనం చప్పట్లు కొట్టారు.

"ఆపండి!" అని భుజంగభూషణం గారు మైకులో అరిచారు. "నడుస్తున్నాయి! చరాస్తి చరిస్తోంది!"

పెద్దమేడమ్ చప్పట్లు ఆపారు. "నడవగల గుర్రాలకు బండెందుకండీ?"

ఆవిడ ఫైలు అడిగి తెరిచారు. "ద్వ... ద్వశ్... ద్వ్యశ్... ఏమిటిది? మంత్రమా?"

భుజంగభూషణం గారికి చెమట పట్టింది. "టైపు దోషం మేడమ్. కాంట్రాక్టు టైపిస్టు అజాగ్రత్త. ఈ నెలాఖరుతో ఆమె సేవలకు స్వస్తి పలుకుతున్నాం."

పళ్ళెంలో కత్తెర గలగలలాడింది. మేరీ సుగుణ పళ్ళెంతో సహా ముందుకు వచ్చింది.

"సార్, ఆ అక్షరం తెచ్చుకోవడానికే నాకు పూట పట్టింది. పొరపాటున ఎవరైనా అంత కష్టపడతారాండీ?"

జనం గొల్లుమన్నారు. వకుళ నవ్వలేదు. పండనిద్దాం అనుకున్న తప్పు పండింది గానీ, పండు వచ్చి సుగుణ నెత్తిన పడింది. ఆ పొద్దున అట్ల పెనం దగ్గర ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది.

రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చిన త్రివిక్రమరావు అప్పుడే వేదిక పక్కన రొప్పుతూ నిలబడ్డాడు.

"అసలు ఏం రాయాలనుకున్నారు?" అన్నారు పెద్దమేడమ్.

వకుళ లేచి నిలబడింది. "రెండు గుర్రాలు పట్టే బండి అండీ."

"చక్కగా ఉందే! దీన్ని ఇలా మార్చింది ఎవరు?"

వకుళ పేరు చెప్పలేదు. మొగుడి వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆయన్ని గెలవాలని చూసిన చూపు కాదు. సుగుణ ఉద్యోగం నీ నోట్లో ఉందయ్యా అన్న చూపు.

త్రివిక్రమరావు మైకు దగ్గరికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"నిజానికి అక్కడ జరిగిందేమిటంటే..."

వకుళ కళ్ళు మూసుకుంది. ఇక నిఘంటువు వస్తుంది, పక్షోత్సవం వస్తుంది, పెసరట్టు వస్తుంది. ఎంతసేపటికీ ఏదీ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఆయన నోరు తెరుచుకుని సుగుణ చేతిలోని పళ్ళెం వైపు చూస్తున్నాడు. ఎవరి కోసమో అటూ ఇటూ వెతికాడు. ఎదురుగా పులిహోర ఒక్కటే కనబడింది. దాని మీదికి తోసేద్దామా అన్నట్టు ఒక క్షణం ఆగాడు. అది ఆయన చొక్కాజేబును ఆప్యాయంగా వాసన చూసింది.

"...మా ఆవిడ పట్టే అని చెప్పింది. నేనే మార్చాను. సుగుణ గారు నేను రాసింది రాసినట్టు కొట్టారు." ఆగాడు. తర్వాతి మాట ఆయన నోటికి కొత్త. దకు వ ఒత్తు, య ఒత్తు ఇచ్చినంత కష్టపడి పలికాడు. "తప్పు నాది."

లౌడుస్పీకర్లు ఆ మాటను తీరం పొడుగునా మోసుకెళ్ళాయి. సముద్రంలో రోజా వీపు రుద్దుతున్న మస్తాన్‌వలీ కూడా తల తిప్పి చూశాడు.

పెద్దమేడమ్ సుగుణ చేతిలోంచి కత్తెర అందుకున్నారు. "వచ్చే ఏడు కూడా ఈ పళ్ళెం నువ్వే పట్టుకోవాలమ్మా," అన్నారు, భుజంగభూషణం గారి వైపు చూస్తూ. ఆయన ముందుగా తలూపారు.

త్రివిక్రమరావు మైకు ముందునుంచి ఇంకా కదల్లేదు. ఒకసారి బయటపడ్డాక ఆగడం తెలియని మనిషిలా, మైకు మోగుతోందన్న సంగతి మరిచిపోయి, ఆడవాళ్ళ కుర్చీల వైపు వంగి మెల్లిగా అన్నాడు:

"వకుళా, ఆ పెళ్ళి కూడా దొరస్వామి గారబ్బాయిది కాదోయ్."